తేదీలు కచ్చితంగా గుర్తులేనప్పుడు అమెరికా సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400 నింపడం ఎలా

ఎన్-400 ఫారంలో ప్రశ్నలు అర్థం కాక ఆగిపోయేవాళ్లు తక్కువ. తేదీల దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ. మూడేళ్ల కిందట ఇండియాకి బయల్దేరింది డిసెంబర్ పదో, పన్నెండో? పాత అపార్ట్‌మెంట్ ఖాళీ చేసింది జూలై ఆఖర్లోనా, ఆగస్టు మొదట్లోనా? అమ్మ పుట్టినరోజు పాస్‌పోర్టులో ఉన్నదా, ఇంట్లో చెప్పుకునేదా? ఇందులో రాసినదంతా నిజమేనని, అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ఒప్పుకుంటూ ఆఖర్న సంతకం పెట్టాలి. అందుకే చెయ్యి వణుకుతుంది.

ఆ కంగారులో కొందరు బాగా గుర్తున్నట్టే ఏదో ఒక తేదీ వేసేస్తారు. ఇంకొందరు ఒక్క తేదీ కోసం అప్లికేషన్‌ను నెలల తరబడి పక్కన పెడతారు. రెండూ అక్కర్లేదు. ఫారంలో అడిగే తేదీలన్నిటికీ ఒకే బరువు లేదు. కొన్ని తేదీలు మీకు సిటిజన్‌షిప్ అర్హత ఉందో లేదో తేలుస్తాయి, వాటికి కాగితం వెతకాల్సిందే. మిగతావి మీ గత ఐదేళ్లను ఖాళీల్లేకుండా వరుసలో చూడటానికి అడిగేవి. వాటికి నిజాయతీగా వేసిన అంచనా సరిపోతుంది, అది అంచనా అని ఒక్క వాక్యం రాస్తే చాలు.

ముందు తేదీలను రెండు కుప్పలు చేయండి

ఫారం తెరవకముందే ఒక కాగితం మీద రెండు జాబితాలు రాసుకోండి.

మొదటిది రుజువు కావాల్సిన తేదీలు: గ్రీన్ కార్డు వచ్చిన రోజు, గత ఐదేళ్లలో అమెరికా దాటి వెళ్లిన ప్రతి ప్రయాణం, పుట్టిన తేదీ, అరెస్టులూ కోర్టు కేసులూ ఏమైనా ఉంటే వాటి తేదీలు. సిటిజన్‌ని పెళ్లి చేసుకుని మూడేళ్ల లెక్కలో వేస్తున్నవాళ్లయితే పెళ్లి తేదీ, భర్త లేదా భార్య సిటిజన్ అయిన తేదీ కూడా ఇందులోకే వస్తాయి. ఆ రెండో తేదీ అంటే వాళ్లు ప్రమాణం చేసి సర్టిఫికెట్ అందుకున్న రోజు. పాస్‌పోర్టు చేతికొచ్చిన రోజు లెక్కలోకి రాదు.

రెండోది అంచనాతో నడిచే తేదీలు: ఏ ఇంట్లో ఎప్పటినుంచి ఎప్పటిదాకా ఉన్నారు, ఏ ఉద్యోగంలో ఎప్పుడు చేరి ఎప్పుడు మానేశారు, ఏ కాలేజీలో ఎప్పుడు చదివారు. మీ శ్రమలో ముప్పాతిక భాగం మొదటి జాబితాకే పెట్టండి.

గ్రీన్ కార్డు తేదీ, 90 రోజుల లెక్క

ఈ తేదీకి గుర్తుతో పని లేదు. కార్డు మీద ‘రెసిడెంట్ సిన్స్’ అని ఉన్న తేదీనే వేయాలి. గ్రీన్ కార్డు కోసం ఐ-485 ఫారం వేసిన రోజు, కార్డు పోస్టులో వచ్చిన రోజు, పదేళ్లకి రెన్యూ చేసుకున్న రోజు, ఇవేవీ కాదు. ఇమిగ్రెంట్ వీసా మీద నేరుగా ఇండియా నుంచి వచ్చినవాళ్లకి అది సాధారణంగా ఆ వీసాతో అమెరికాలో అడుగుపెట్టిన రోజే అవుతుంది.

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచి అప్లికేషన్ వేయొచ్చు. ఇవి మూడు నెలలు కావు, తొంభై రోజులు. కార్డు మీద 2021 జూన్ 15 ఉంటే ఐదేళ్లు నిండేది 2026 జూన్ 15న. అక్కడి నుంచి 90 రోజులు వెనక్కి లెక్కపెడితే మార్చి 17 వస్తుంది. మూడు నెలలే కదా అని మార్చి 15న పంపితే రెండు రోజుల ముందు వేసినట్టు, అది తిరస్కరణ దాకా పోతుంది. తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు. 2024 ఏప్రిల్ 1న పెట్టిన ధరల ప్రకారం ఆ ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. ఈ అప్లికేషన్లు చూసే ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లో ముందుగా వేసేవాళ్ల కోసం ఒక క్యాలిక్యులేటర్ ఉంది. దాంతో సరిచూసుకుని, వచ్చిన తేదీ మీద ఇంకో మూడు నాలుగు రోజులు ఆగి పంపండి.

ప్రయాణాలు: అసలు పని ఇక్కడే

ఫారం ఎనిమిదో భాగంలో గత ఐదేళ్లలో అమెరికా బయటికి వెళ్లిన ప్రయాణాలన్నీ రాయాలి. తాజాది పైన, పాతవి కింద. 24 గంటల్లోపు వెళ్లి తిరిగొచ్చినవి రాయక్కర్లేదు.

అడిగేది అమెరికా నుంచి బయల్దేరిన తేదీ, అమెరికాకి తిరిగొచ్చిన తేదీ. ఇండియాలో దిగిన తేదీ ఎవరూ అడగడం లేదు. కానీ మన పాస్‌పోర్టులో స్పష్టంగా ఉండేది ఇండియా ముద్రే, అందుకే చాలామంది దాన్ని చూసి రాసేస్తారు. డల్లాస్‌లో 12వ తేదీ రాత్రి విమానం ఎక్కితే హైదరాబాద్‌లో దిగేసరికి 14 తెల్లవారుజాము అవుతుంది. ముద్ర 14 అంటుంది, ఫారంలో రావాల్సింది 12. తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు ఉంది. శంషాబాద్‌లో విమానం రాత్రి ఒంటిగంటన్నరకి అనుకోండి, ఇమిగ్రేషన్ పదకొండింటికే అయిపోతుంది. ముద్ర 7వ తేదీది పడుతుంది, విమానం 8న లేస్తుంది, కాలం వెనక్కి నడుస్తుంది కాబట్టి అమెరికాలో దిగేది కూడా 8వ తేదీనే. ఫారంలో 8 రాయాలి.

అమెరికా ముద్ర ఉంటే మంచిదే, కానీ గ్రీన్ కార్డు వాళ్లకి ముద్ర వేయకుండా పంపేయడం ఇప్పుడు మామూలైపోయింది. ఎయిర్‌పోర్టులో త్వరగా పంపే గ్లోబల్ ఎంట్రీ పథకంలో ఉన్నవాళ్లకి ముద్ర ఉండదు. అబుదాబి మీదుగా వచ్చేవాళ్లకి అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే జరుగుతుంది కాబట్టి ముద్ర పడితే దాని మీద ఆ ఊరి గుర్తు ఉంటుంది, చూసి తికమక పడొద్దు.

తేదీలు తవ్వి తీయడానికి ఈ వరుసలో వెళ్లండి.

మొదట పాస్‌పోర్టులన్నీ బల్లమీద పెట్టండి, మూల కత్తిరించి ఇచ్చిన పాతవి కూడా. ప్రతి పేజీ ఫొటో తీసి, ముద్రలన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో ఎక్కించండి. నెలను అంకెలో కాకుండా అక్షరాల్లో రాయండి. ఇండియాలో 05/07 అంటే జూలై 5, అమెరికా ఫారంలో మే 7. రోజు 12 లోపు ఉన్న ప్రతి తేదీకీ ఈ ప్రమాదం ఉంది. ఒక్క అంకె అటూ ఇటూ అయితే మూడు వారాల ప్రయాణం మూడు నెలలై కూర్చుంటుంది.

తర్వాత సీబీపీ, అంటే అమెరికా సరిహద్దు తనిఖీ శాఖ వారి ఐ-94 (వీసా మీద వచ్చినవాళ్ల రాక రికార్డు) వెబ్‌సైట్‌లో ట్రావెల్ హిస్టరీ తెరవండి. గ్రీన్ కార్డు వాళ్లకి ఐ-94 ఇవ్వరు, అయినా పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు ఇస్తే చాలామందికి రాకపోకల జాబితా వస్తుంది. కొత్త నంబరుతో రాకపోతే పాత పాస్‌పోర్టు నంబరుతో చూడండి. దీన్నే వేదంగా తీసుకోవద్దు. కొన్ని వరుసలు ఎగిరిపోయి ఉంటాయి, రోడ్డు మీద సరిహద్దు దాటినవి కనిపించకపోవచ్చు.

మూడోది ఈమెయిల్. ఎయిర్‌లైన్ పేరుతోనూ ఐటినరరీ అనే మాటతోనూ వెతకండి. టికెట్ కొన్నప్పటి తేదీ, నిజంగా ఎగిరిన తేదీ వేరు కావచ్చు. ఫ్లైట్ మార్చుకున్నట్టు తర్వాత ఇంకో మెయిల్ వచ్చిందేమో చూడండి. ఎయిర్‌లైన్ మైళ్ల ఖాతాలో నిజంగా ఎక్కిన ఫ్లైట్లే ఉంటాయి, అది టికెట్ కన్నా నమ్మకం. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో విదేశీ ఖర్చులు, ఫోన్ గ్యాలరీలో ఎయిర్‌పోర్టు ఫొటోల తేదీలు, ఆఫీసులో పెట్టిన సెలవు రికార్డు, ఇవన్నీ అంచనాను ఒకటి రెండు రోజుల్లోకి దగ్గర చేస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా పెద్ద ప్రయాణం ఒకటి తేలకపోతే సీబీపీకి సమాచార చట్టం కింద, అంటే ఫోయా కింద, మీ రాకపోకల రికార్డు అడగొచ్చు. దీనికి సమయం పడుతుంది కాబట్టి అప్లికేషన్ వేయాలనుకున్నప్పుడు కాదు, చాలా ముందే పెట్టండి.

ఎక్కువమంది మరిచిపోయేవి చిన్న ప్రయాణాలే. లాంగ్ వీకెండ్‌లో టొరంటో, కాంకూన్‌లో నాలుగు రోజులు, బహమాస్ క్రూజ్. 2022 ఏప్రిల్ నుంచి గ్రీన్ కార్డు వాళ్లకి కెనడా వీసా అక్కర్లేదు కాబట్టి పాస్‌పోర్టులో ఆనవాలే ఉండకపోవచ్చు. కానీ కెనడాలో మీరు అడుగుపెట్టిన సమాచారం అమెరికాకి అందుతుంది. మీకు గుర్తులేని ప్రయాణం ఆఫీసర్ తెర మీద ఉంటుంది. కుటుంబం అంతా కూర్చుని ఒక్కో ఏడాదికి ఒక్కో పండగనీ సెలవునీ పట్టుకుని గుర్తుచేసుకుంటే ఇవి బయటపడతాయి.

180 రోజుల దగ్గర అంచనా పనికిరాదు

మూడు వారాల ప్రయాణంలో రెండు రోజులు అటూ ఇటూ అయినా ఏమీ మారదు. ఆరు నెలల దగ్గరకొచ్చిన ప్రయాణంలో ఆ రెండు రోజులే అన్నీ మార్చేస్తాయి. 180 రోజులు దాటి ఏడాదిలోపు ఒకే విడత బయట ఉంటే, అమెరికాలో మీ నివాసం తెగిపోయిందని మొదట అనుకుంటారు, కాదని రుజువు చేయాల్సింది మీరు. ఏడాది నిండితే తెగిపోయినట్టే. ఎక్కువ కాలం బయట ఉండేవాళ్లు ముందే తీసుకునే రీ-ఎంట్రీ పర్మిట్ ఉంది కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. అది తిరిగి రానివ్వడానికే తప్ప సిటిజన్‌షిప్ లెక్కను కాపాడదు.

లెక్క ఇలా వేయాలి. బయల్దేరిన రోజు, తిరిగొచ్చిన రోజు, రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్క. కాబట్టి రెండు తేదీల మధ్య తేడాలోంచి ఒకటి తీసేస్తే బయట ఉన్న రోజులు. 2023 డిసెంబర్ 12న వెళ్లి 2024 జూన్ 9న వచ్చినవాళ్లకి తేడా 180, బయట ఉన్నది 179 రోజులు. గట్టెక్కారు. అదే బయల్దేరింది డిసెంబర్ 10 అయితే 181 రోజులు, గీత దాటారు. 2024లో ఫిబ్రవరికి 29 రోజులు ఉన్న సంగతి కూడా ఈ లెక్కలో ఉంది. వేళ్ల మీద లెక్కపెట్టకుండా ఎక్సెల్‌కి వదిలేయండి.

ఇంత దగ్గరగా ఉన్న ప్రయాణానికి ఎయిర్‌లైన్ రికార్డు గానీ ఫోయా జవాబు గానీ చేతిలో లేకుండా ఫారం పంపొద్దు. నిజంగానే 180 దాటి ఉంటే దాచొద్దు, తేదీ జరపొద్దు. ఆ కాలంలో అమెరికాలో ఉద్యోగం వదల్లేదనీ, ఇంటి అద్దె గానీ లోన్ గానీ కట్టారనీ, భార్యాపిల్లలు ఇక్కడే ఉన్నారనీ, అక్కడ ఉద్యోగంలో చేరలేదనీ చూపించే కాగితాలు, ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చే ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్టులు జతచేయండి. నాన్నగారి ఆపరేషన్ కోసమో కాన్పు కోసమో ఆగాల్సి వస్తే ఆసుపత్రి కాగితాలూ పెట్టండి.

మొత్తం రోజుల లెక్క వేరే ఉంది. ఐదేళ్లలో కనీసం 913 రోజులు అమెరికాలో ఉండాలి, మూడేళ్ల లెక్కలో వేసేవాళ్లకి 548. ఇక్కడ అంచనా తేదీలు ఉంటే, బయట ఎక్కువ రోజులు ఉన్నట్టు వచ్చే తేదీలతో ఒకసారి లెక్క చూసుకోండి. అలా చూసినా గట్టెక్కితే నిశ్చింతగా ఉండొచ్చు. గ్రీన్ కార్డు మీద ఏటా ఐదున్నర నెలలు ఇండియాలో ఉండే తల్లిదండ్రులకి ఏ ఒక్క ప్రయాణమూ 180 దాటకపోయినా, ఈ మొత్తం బొటాబొటిగా వస్తుంది. వాళ్ల ఫారం నింపేటప్పుడు ప్రతి తేదీకీ కాగితం ఉండాలి.

ఇళ్లు, ఉద్యోగాలు: ఖాళీ లేకపోవడం ముఖ్యం

ఐదేళ్ల చిరునామాలూ ఉద్యోగాలూ గొలుసులా కలవాలి. ఒక ఇల్లు వదిలిన తేదీకి ఇంకో ఇంట్లో చేరిన తేదీ అతుక్కోవాలి. కొత్త ఇల్లు దొరికేదాకా స్నేహితుల ఇంట్లో ఆరు వారాలు ఉంటే ఆ చిరునామా కూడా ఒక వరుస.

చిరునామాల తేదీలకి లీజు కాగితం, కరెంటు కనెక్షన్ మొదటి బిల్లు, ఏఆర్-11 చిరునామా మార్పు రసీదు, పోస్టాఫీసు ఫార్వర్డింగ్ మెయిల్ పనికొస్తాయి. లీజు మొదలైన తేదీ, సామాను దింపిన తేదీ ఒకటే కాకపోవచ్చు. మీరు అక్కడ నివసించడం మొదలుపెట్టిన తేదీ రాయండి. ఉచితంగా దొరికే క్రెడిట్ రిపోర్టులో పాత చిరునామాలన్నీ ఉంటాయి, అపార్ట్‌మెంట్ నంబరు మరిచిపోయినప్పుడు అదే దిక్కు.

ఉద్యోగాలకి ఆఫర్ లెటర్‌లోని తేదీని నేరుగా వాడొద్దు, చేరిన రోజు తరచూ మారుతుంది. మొదటి పే స్టబ్‌లో పే పీరియడ్ మొదలైన తేదీ చూడండి. కంపెనీ మూతపడి కాగితాలే లేకపోతే ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్‌లో వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్‌స్క్రిప్ట్ తీస్తే ఏ ఏడాది ఏ కంపెనీ డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల పత్రం) ఇచ్చిందో తెలుస్తుంది. కన్సల్టింగ్‌లో పనిచేసేవాళ్లు జీతం ఇచ్చిన కంపెనీ పేరు రాయాలి, క్లయింట్ పేరు కాదు. ప్రాజెక్టు మారిన ప్రతిసారీ ఉద్యోగం మారినట్టు రాస్తే తేదీలు చిక్కుపడిపోతాయి. ఉద్యోగం లేని నెలలుంటే ‘అన్‌ఎంప్లాయిడ్’ అని తేదీలతో సహా ఒక వరుస పెట్టండి. ఉద్యోగం లేకపోవడం తప్పేమీ కాదు, ఖాళీ వదిలితే మాత్రం ప్రశ్న వస్తుంది.

పెళ్లి తేదీ, తెల్లవారుజాము ముహూర్తం

మన పెళ్లిళ్లలో ఇది నిజంగా వచ్చే చిక్కు. శుభలేఖలో ‘బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం, 2 గంటల 36 నిమిషాలకు’ అని ఉంటుంది. ఇంట్లో అందరూ బుధవారం పెళ్లి అంటారు. పెళ్లిరోజు కూడా ఆ తేదీకే చేసుకుంటారు. క్యాలెండర్ ప్రకారం ముహూర్తం జరిగింది గురువారం. సబ్ రిజిస్ట్రార్ దగ్గర సర్టిఫికెట్ తీసుకున్నప్పుడు ఎవరు ఏది చెబితే అది ఎక్కింది. దానికి తోడు సర్టిఫికెట్‌లో పెళ్లి జరిగిన తేదీ, రిజిస్టర్ చేసిన తేదీ రెండూ ఉంటాయి. వీసాకి అవసరమై పెళ్లైన రెండేళ్లకి రిజిస్టర్ చేయించుకున్నవాళ్లు బోలెడుమంది.

ఫారంలో పెళ్లి జరిగిన తేదీ రావాలి, సర్టిఫికెట్‌లో ఆ గడిలో ఏముందో అదే. గ్రీన్ కార్డు ఫారంలో వేరే తేదీ ఇచ్చి ఉంటే, ఎందుకు తేడా వచ్చిందో అదనపు సమాచారం పేజీలో రెండు ముక్కల్లో రాయండి. భార్యాభర్తలిద్దరూ విడివిడిగా అప్లై చేస్తుంటే ఇద్దరి ఫారాల్లో ఒకే తేదీ ఉందో లేదో పక్కపక్కన పెట్టి చూడండి. ముందు పెళ్లి రద్దయి ఉంటే కోర్టు డిక్రీ ఇచ్చిన తేదీ వేయాలి, కేసు వేసిన తేదీ కాదు.

పుట్టిన తేదీ రెండు ఉన్నప్పుడు

ఊళ్లో పుట్టి, బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు వేసిన తేదీతో జీవితమంతా నడిచినవాళ్లు ఒక తరం నిండా ఉన్నారు. పదో తరగతి మెమో, పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు అన్నిట్లో జూన్ 1 ఉంటుంది. ఇంట్లో మాత్రం ‘పింగళ నామ సంవత్సరం, దివిసీమ ఉప్పెన వచ్చిన నెల’ అంటారు. పంచాంగంతో సరిచూస్తే అది 1977 నవంబర్.

ఫారం అసలు పుట్టిన తేదీ అడుగుతుంది. దాంతోపాటు మీరు ఎప్పుడైనా, ఎక్కడైనా వాడిన ఇతర పుట్టిన తేదీలు ఉంటే పద్నాలుగో భాగంలో రాయమంటుంది. ‘వాడిన’ అంటే కాగితాల్లో ఎక్కినవి. దాన్నిబట్టి ఇలా చేయండి.

కాగితాలన్నిట్లో ఒకే తేదీ ఉండి, రెండోది ఇంట్లో మాటగా మాత్రమే ఉంటే, కాగితాల తేదీ వేయండి. సంవత్సరం పేరు, తిథీ పట్టుకుని కొత్త తేదీ తయారుచేసి ఫారంలోకి ఎక్కించొద్దు. ఆఫీసర్ అడిగితే ఇంట్లో వేరే తేదీ చెప్పుకుంటారని ఉన్నదున్నట్టు చెప్పండి.

మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధృవీకరణలో ఒకటి, పదో తరగతి మెమోలో ఇంకొకటి ఉంటే, గ్రీన్ కార్డు మీద ఏదుందో చూడండి. రెండూ ఫారంలో కనిపించాలి, ఎందుకు రెండున్నాయో రాయాలి. గ్రీన్ కార్డు మీద ఉన్నదే తప్పు తేదీ అయితే ఎన్-400 వేసేముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట కూర్చోండి. ఆ ఖర్చు వృథా కాదు. ఎందుకంటే మీరే ప్రమాణం చేసి నిజమని చెప్పిన పుట్టిన తేదీ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ మీద పడ్డాక, అది అసలు తేదీ కాదని తర్వాత మార్చమంటే యూఎస్‌సీఐఎస్ మార్చదు. టైపు తప్పులు మాత్రమే దిద్దుతుంది. ఆ సర్టిఫికెట్ మీదే అమెరికా పాస్‌పోర్టు, దాని మీదే ఓసీఐ, అంటే విదేశీ పౌరులైన భారతీయులకి ఇండియా ఇచ్చే కార్డు. ఇండియా పాస్‌పోర్టు సరెండర్ చేసేటప్పుడు రెండు తేదీలు కలవకపోతే అక్కడా తిప్పలే.

పెద్దవాళ్ల విషయంలో పుట్టిన తేదీ వయసు మినహాయింపుల్ని కూడా తేలుస్తుంది. 50 ఏళ్లు నిండి 20 ఏళ్లుగా గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి, 55 నిండి 15 ఏళ్లుగా ఉన్నవాళ్లకి ఇంగ్లీషు పరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ తెలుగులోనే ఇవ్వొచ్చు. 65 నిండి 20 ఏళ్లుగా ఉన్నవాళ్లకి సివిక్స్ పరీక్ష కూడా తేలికగా ఉంటుంది. అప్లికేషన్ వేసే రోజుకి రికార్డుల ప్రకారం ఆ వయసు నిండాలి. పిల్లల విషయంలోనూ తేదీ చూసుకోండి. పద్దెనిమిది నిండకముందే తల్లి గానీ తండ్రి గానీ సిటిజన్ అయితే, గ్రీన్ కార్డుతో వాళ్ల దగ్గరే ఉంటున్న పిల్లలకి సిటిజన్‌షిప్ దానంతటదే వస్తుంది. ఆ పుట్టినరోజుకి ముందే మీ ప్రమాణం జరగాలి.

‘ఎప్పుడైనా’ అని అడిగే ప్రశ్నలు

తొమ్మిదో భాగంలో ప్రశ్నలకి ఐదేళ్ల హద్దు లేదు. పోలీసులు ఎప్పుడైనా ఆపి టికెట్ రాశారా అన్నదీ ఇందులో ఉంది. చదువుకునే రోజుల్లో పడిన స్పీడింగ్ టికెట్ తేదీ ఎవరికీ గుర్తుండదు. మీ రాష్ట్రంలో డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీఎంవీ నుంచి పూర్తి డ్రైవింగ్ రికార్డు తీయండి, కౌంటీ కోర్టు వెబ్‌సైట్‌లో పేరుతో వెతకండి. అరెస్టు లేకుండా, తాగుడు గానీ డ్రగ్స్ గానీ లేకుండా, 500 డాలర్లలోపు జరిమానాతోనో పాయింట్లతోనో పోయినవాటికి కాగితాలు జతచేయక్కర్లేదు. అరెస్టు ఉంటే, కేసు కొట్టేసినా, కోర్టు ఇచ్చిన సర్టిఫైడ్ కాపీ తప్పనిసరి. అక్కడ అంచనా తేదీ అసలు వేయొద్దు.

కమ్యూనిస్టు పార్టీతో సంబంధం గురించి కూడా అడుగుతారు. కాలేజీలో వామపక్ష విద్యార్థి సంఘంలోనో పార్టీలోనో తిరిగినవాళ్లకి ఇక్కడ ఏళ్లు ముఖ్యం, చట్టం ప్రధానంగా చూసేది అప్లికేషన్‌కి ముందు పదేళ్లని. ఇలాంటిదేమైనా ఉంటే సొంతంగా అవుననో కాదనో టిక్ పెట్టకుండా లాయర్‌ని అడగండి.

18 నుంచి 26 ఏళ్ల మధ్య గ్రీన్ కార్డు మీద ఉన్న మగపిల్లలు సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితాలో, పేరు నమోదు చేసుకోవాలి. ఆ తేదీ, నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఆ వయసంతా ఎఫ్-1, హెచ్-4 లాంటి వీసాల మీదే గడిపినవాళ్లకి ఇది వర్తించదు.

అంచనా తేదీని రాసే పద్ధతి

ఆన్‌లైన్ ఫారంలో నెల, రోజు, సంవత్సరం మూడూ నింపాలి. నెల మాత్రమే తెలిస్తే ఏదో ఒక రోజు వేయక తప్పదు. ఇంటికి చేరిన నెల తెలిస్తే 1, వదిలిన నెల తెలిస్తే ఆ నెల ఆఖరు రోజు, ఇలా ఒక పద్ధతి పెట్టుకుని అంతటా అదే పాటించండి. తర్వాత అదనపు సమాచారం భాగంలో ఏవి అంచనాలో చెప్పండి. అది చెప్పకుండా అన్నీ ఒకటో తేదీలే వేస్తే కల్పించినట్టు కనిపిస్తుంది.

కాగితం ఫారంలో పద్నాలుగో భాగంలో పేజీ నంబరు, భాగం, ప్రశ్న నంబరు వేసి రాయాలి. విడి కాగితం జతచేస్తే పైన మీ పేరు, ఏ-నంబరు (గ్రీన్ కార్డు మీద ఉండే మీ ఇమిగ్రేషన్ ఫైలు నంబరు) ఉండాలి. రాసే మాటలు పొడిగా, పొట్టిగా ఉండాలి. ఉదాహరణకి ఇంగ్లీషులో ఈ అర్థం వచ్చేలా: ‘భాగం 8, మూడో ప్రయాణం. బయల్దేరిన తేదీ 2022 మే 18 అంచనా. అప్పటి పాస్‌పోర్టు పోయింది. ఇండియాలో మే 20న చేసిన కార్డు ఖర్చును బట్టి వేశాను. తిరిగొచ్చిన తేదీ సీబీపీ రికార్డు ప్రకారం కచ్చితం.’ తేదీ ఎందుకు తెలియదో, అంచనా దేన్నిబట్టి వేశారో, అసలు తేదీకి ఎంత దగ్గరో తెలిస్తే ఆఫీసర్‌కి సరిపోతుంది. క్షమాపణలూ కుటుంబ కథలూ అక్కర్లేదు. అంచనా వేయగలిగిన చోట ‘తెలియదు’ అని వదిలేయొద్దు.

గ్రీన్ కార్డు టైములో నింపిన పాత ఫారాల కాపీలు ఉంటే తీసి పోల్చండి. లేకపోతే యూఎస్‌సీఐఎస్‌కి ఫోయా కింద అడిగితే మీ ఫైలు కాపీ ఆన్‌లైన్‌లో పంపుతారు. అప్పుడు రాసింది తప్పని ఇప్పుడు తెలిస్తే, పాత తప్పునే మళ్లీ రాయొద్దు. సరైన తేదీ వేసి, ముందు ఫారంలో పొరపాటున వేరే తేదీ పడిందని రాయండి.

అమ్మానాన్నల ఫారం కొడుకో కూతురో నింపితే, నింపినవాళ్లు పదమూడో భాగంలో సంతకం పెట్టాలి. అంతకన్నా ముఖ్యం, ఏ తేదీ ఏం రాశారో పెద్దవాళ్లకి తెలుగులో చదివి వినిపించడం. ఇంటర్వ్యూలో అడిగేది వాళ్లని.

ఇంటర్వ్యూకి, ప్రమాణానికి

పంపిన ఫారం పీడీఎఫ్ దాచుకోండి. పంపాక తప్పు కనిపిస్తే ఆన్‌లైన్ ఖాతాలో వివరణ అప్‌లోడ్ చేయొచ్చు, లేదా ఇంటర్వ్యూ మొదట్లోనే దిద్దమని చెప్పొచ్చు. ఆఫీసర్ ఫారం మీదే మార్పులు రాసి, ఆఖర్న మీ చేత సంతకం పెట్టిస్తారు. ఇది రోజూ జరిగే పనే. పాత పాస్‌పోర్టులన్నీ, మీ ప్రయాణాల షీటు, అప్లికేషన్ వేశాక చేసిన కొత్త ప్రయాణాల తేదీలు తీసుకెళ్లండి.

ఇంటర్వ్యూలో నిజమే చెబుతానని ప్రమాణం చేశాక అడిగిన ప్రశ్నకి జవాబు తెలియకపోతే ‘కచ్చితంగా గుర్తులేదు, నా జాబితా చూసి చెబుతాను’ అనడం మంచి జవాబు. మరపు ఎవరినీ అనర్హుల్ని చేయదు. లాభం కోసం తెలిసి చెప్పిన అబద్ధం మాత్రం చేస్తుంది, అది చిన్న విషయంలో అయినా సరే. 183 రోజుల ప్రయాణాన్ని 178 అని చెప్పడం అలాంటిదే. ఆ 183ని కాగితాలతో సమర్థించుకునే దారి చట్టంలోనే ఉంది.

పాసైనవాళ్లకి ప్రమాణ కార్యక్రమానికి ఎన్-445 అనే పిలుపు వస్తుంది. దాని వెనక, ఇంటర్వ్యూ తర్వాత అమెరికా బయటికి వెళ్లారా అని మళ్లీ అడుగుతారు. ఈ మధ్యలో ఇండియా వెళ్లొస్తే ఆ తేదీలు బోర్డింగ్ పాస్ చూసి రాయండి. సర్టిఫికెట్ చేతికిచ్చాక కుర్చీలోంచి లేవకముందే పేరు, పుట్టిన తేదీ, దేశం చదువుకోండి. అక్షరం గానీ అంకె గానీ తప్పు పడితే అక్కడే ఆఫీసర్‌కి చూపించండి. ఇంటికొచ్చాక చూసుకుంటే సర్టిఫికెట్ దిద్దించుకోవడానికి ఎన్-565 ఫారం వేసి నెలల తరబడి ఎదురుచూడాలి.